పంపుహౌసు బోల్టులు, సుగుణమ్మ స్టోరు

ఐటీఐలో ఫిట్టర్ పాసై, గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున ఒక ఎత్తిపోతల పంపుహౌసులో చేరిన మొదటి వారమది. మా ఉస్తాద్ ఖాజా సాబ్ ఒక పైపు క్లాంపు విప్పి, "పదిహేడు నంబరు బోల్టులు నాలుగు పట్టుకరా బేటా" అని నన్ను స్టోరుకు పంపాడు.

స్టోరులో ముప్పై దాటిన ఒకావిడ స్టూలు మీద కూర్చుని ఉంది. మెడలో దారానికి గుచ్చిన శిలువ, ఒళ్లో ఒక డబ్బా నిండా వాషర్లు. ఆవిడ పేరు సుగుణమ్మ అని నాకు అప్పటికి తెలియదు.

"పదిహేడు నంబరు బోల్టు లేదు" అంది, తలెత్తకుండానే.

"ఉంటది. సాబే చెప్పిండు."

"సాబ్ పానా నంబరు చెప్పిండు. బోల్టు నంబరేంది?"

ఆవిడ ఒక బోల్టు తీసి అరచేతిలో పెట్టుకుంది. "పదిహేడు పానా పట్టేది గీ తలకు. బోల్టు లావు కొలిచేది గీడ, చుట్లు తిరిగిన మరల మీద. పది మిల్లీలు. దీన్ని ఎం పది అంటరు. పొడుగెంత గావాలె?"

"తెల్వదు."

"పోయి కొలుచుకొని రా."

వెళ్లి కొలుచుకుని వచ్చాను. "యాభై" అన్నాను.

"తల కలిపి యాభైయా, తల ఇడిసిపెట్టి యాభైయా?"

మళ్లీ వెళ్లాను. మూడోసారికి బోల్టులు ఇచ్చింది. వర్కుషాపులో ఉన్న నలుగురూ నవ్వారు. ఖాజా సాబ్ కూడా నవ్వాడు కానీ, "నాదే గల్తీ బేటా. అలవాటుల పానా నంబరు చెప్తం. ఆమె ఒప్పుకోదు" అన్నాడు.

ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్నవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సింది ఆ రోజు ఆవిడ చెప్పినదే. ఆరుమూలల తల ఉన్న బోల్టుకు పొడుగు తల కింది నుంచి కొలుస్తారు. తల లోపలికి దిగిపోయే రకమైతే తలతో కలిపి కొలుస్తారు. పానా నంబరుతో బోల్టును పిలవకండి. అదే ఎం పది బోల్టుకు ఇప్పుడు పదహారు పానా పట్టే తలలు కూడా వస్తున్నాయి.

ఇవాళ ఇంత ప్రశాంతంగా రాస్తున్నాను కానీ, ఆ రోజు నాకు ఒళ్లు మండింది. నేను సర్టిఫికెట్ ఉన్న ఫిట్టర్ని. ఆవిడ అమరచింత నుంచి వలస కూలికి పోయి వచ్చి, స్టోరులో ఊడ్చే పనికి చేరిన మనిషి. అక్షరాలు కూడబలుక్కుని చదివేది. అలాంటి మనిషి నన్ను మూడుసార్లు తిప్పింది. ఇక వీలైనంతవరకు ఆ స్టోరు గడప తొక్కకూడదనుకున్నాను.

ఐదు సూతుల ఐబోల్టు

ఆ పంతం ఖాజా సాబ్ కాలిమీదికి వచ్చింది.

చేరి మూడు నెలలైంది. పంపుహౌసు అడుగున ఊట నీళ్లు తోడే ఒక చిన్న పంపు ఉండేది. దాని మోటారు బేరింగులు అరిగితే పైకెత్తాల్సి వచ్చింది. మోటారు రెండున్నర క్వింటాళ్లు. ఎత్తడానికి దాని నెత్తిన ఒక రంధ్రం ఉంటుంది. తల దగ్గర కడియం ఉన్న బోల్టును, ఐబోల్టు అంటాం, అందులో బిగించి చైన్ తగిలించాలి. మోటారుతో వచ్చిన ఐబోల్టు ఎక్కడో పోయింది. "స్టోరు నుంచి తే" అన్నాడు ఖాజా సాబ్.

నేను స్టోరుకు పోలేదు. వర్కుషాపు మూలన పాత సామాన్ల డబ్బాలో వెతికితే సరిగ్గా అదే లావున్న ఐబోల్టు దొరికింది. చేత్తో తిప్పితే నాలుగు చుట్లు సులువుగా దిగింది. ఆ తరవాత పట్టేసింది. కడియంలో ఒక రాడ్డు దూర్చి ఇంకో అర చుట్టు లాగాను. బిగిసింది అనుకున్నాను.

"కూసుందా?" అని కింది నుంచి అడిగాడు ఖాజా సాబ్.

కడియం కింది అంచు మోటారు ఒంటికి ఆనలేదు. వేలు దూరేంత సందు ఉంది. ఆ సందు నాకు కనబడింది. కనబడినా, "కూసుంది సాబ్" అన్నాను.

మోటారు జానెడు లేచింది. మూరెడు లేచింది. ఖాజా సాబ్ ఒక చేత్తో దాన్ని పక్కకు తిప్పుతున్నాడు. టప్పుమని ఒక చప్పుడైంది. ఆయన చెయ్యి లాక్కున్నాడు. కాలు లాక్కునే వ్యవధి లేకపోయింది.

గద్వాల దవాఖానకు జీపులో తీసుకుపోయారు. ఎడమ కాలి మూడు వేళ్లు తీసేయాల్సి వచ్చింది.

నేను పంపుహౌసులోనే ఉండిపోయాను. సుగుణమ్మ మెట్లు దిగి వచ్చి, పడి ఉన్న ఐబోల్టును చేతిలోకి తీసుకుంది. గోటితో మరల మీద గీసి చూసింది. కొంగున కట్టుకున్న మిల్లీల నట్టు ఒకటి తీసి దానికి ఎక్కించింది. నాలుగు చుట్లు ఎక్కి ఆగిపోయింది.

"ఐదు సూతులది" అంది నాతో, మెల్లగా.

సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. పాత మిషన్లన్నీ ఈ కొలతలవే. ఐదు సూతుల బోల్టు దాదాపు పదహారు మిల్లీల లావుంటుంది. మోటారు రంధ్రం ఎం పదహారు. లావులో తేడా కంటికి ఆనదు. తేడా మరల మధ్య దూరంలో ఉంటుంది. ఎం పదహారుకు ఒక మరకూ ఇంకో మరకూ మధ్య రెండు మిల్లీలు. ఐదు సూతులదానికి అంతకన్నా కొంచెం ఎక్కువ. ఆ కొంచెం, కొంచెం కలిసి నాలుగో చుట్టుకు ఇరుక్కుంటుంది. ఇరుక్కోవడాన్ని నేను బిగింపు అనుకున్నాను. మోటారు బరువంతా పైపైన కొరికిన నాలుగు మరల మీద వేలాడింది.

అక్కడ ఉన్నవాళ్లంతా చైన్ జారిందనే అనుకుంటున్నారు. సుగుణమ్మ వాళ్లతో ఏమీ అనలేదు. ఐబోల్టును నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు దాన్ని జేబులో వేసుకుని దవాఖానకు పోయాను. ఖాజా సాబ్ భార్య ఆయనకు చాయ్ తాగిస్తోంది. ఆమె బయటికి పోయేదాకా నోరు విప్పలేకపోయాను.

"సాబ్, చైన్ జారలే. ఐబోల్టు ఐదు సూతులది. నేను స్టోరుకు పోలే, పాత డబ్బాల తీసిన."

"కూసోలేదని చూసినవా?"

"చూసిన."

కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నాకు చెప్పినవ్, మంచిగైంది" అన్నాడు. "ఇప్పుడు పోయి ఇంజనీరు సారుకు చెప్పు. నువ్వు చెప్పకపోతే ఏమైతదో ఎర్కేనా? చైన్ ఖరాబైందని మంచి చైన్ అవతల పారేస్తరు. గీ ఐబోల్టు మళ్లా గదే డబ్బాల పడుంటది. ఇంకొకడు తీస్తడు."

పోయి చెప్పాను. నాకేం శిక్ష పడిందన్నది ఇక్కడ అవసరం లేదు. ఖాజా సాబ్ నాలుగు నెలల తరవాత కుంటుకుంటూ పనికి వచ్చాడు. రిటైరయ్యేదాకా నాతోనే పనిచేశాడు. ఆ మాట మళ్లీ ఒక్కసారి కూడా ఎత్తలేదు. అంత పెద్ద మనసున్న మనిషి దగ్గర పని నేర్చుకోవడం నా అదృష్టం. ఆ అదృష్టానికి నేను తగినవాణ్ని కాదని చాలా ఏళ్లు అనిపించేది.

స్టోరులో నెల రోజులు

నేను తప్పు ఒప్పుకున్న వారానికి సుగుణమ్మ ఇంజనీరు గారి దగ్గరికి వెళ్లి, "ఆ పిలగాన్ని నాకు నెల దినాలియ్యుండ్రి సార్" అని అడిగిందట. సర్టిఫికెట్ ఉన్న ఫిట్టర్ని నెల రోజులు స్టోరులో నేలమీద కూర్చుని బోల్టులు ఏరాను. మూడు డ్రమ్ముల నిండా కలిసిపోయిన పాత బోల్టులు. సూతులవి ఒక దిక్కు, మిల్లీలవి ఒక దిక్కు పెట్టాలి.

ఐటీఐ రెండేళ్లలో రానిది ఆ నెలలో వచ్చింది. అనుమానమొస్తే ఆవిడ రెండు బోల్టుల మరలను ఒకదానికొకటి ఆనించి వెలుతురుకేసి పట్టేది. ఒకే రకమైతే పళ్లు పళ్లలో కూర్చుంటాయి. కాకపోతే మధ్యలోంచి వెలుతురు కనబడుతుంది. నట్టును ఎప్పుడూ చేత్తోనే చివరిదాకా ఎక్కించి చూడమనేది. చేత్తో ఎక్కనిదాన్ని పానాతో ఎక్కిస్తే ఆవిడ దృష్టిలో అది నేరం.

తల మీది అంకెలు కూడా అప్పుడే తెలిశాయి. 8.8 అని ఉంటే, మొదటి అంకె ఎంత లాగితే తెగుతుందో చెబుతుంది. చుక్క తరవాతి అంకె, అందులో పదింట ఎన్ని వంతుల దాకా సాగకుండా ఓర్చుకుంటుందో చెబుతుంది. ఏమీ లేని బోల్టు తలుపు గడియకు పనికొస్తుంది, తిరిగే మిషనుకు పనికిరాదు. అంకె పక్కన తయారుచేసినవాళ్ల గుర్తు కూడా ఉండాలి.

"పేరు చెప్పుకోని బోల్టును నమ్మొద్దు కుర్మయ్యా" అని నాతో అనేది.

ఒకరోజు అడిగాను. "ఇయ్యన్ని నీకు ఎవరు నేర్పిండ్రక్కా?"

"బొంబాయి దిక్కు ఒక ఇనుప బ్రిడ్జి పనికి పోయినం, నేనూ మా ఆయనా. ఎండల కంకర మోసేది. బోల్టులు ఏరేటోళ్లకు మాత్రం పైన రేకులుంటుండె. నీడ. ఆ నీడ కోసం నేర్చుకున్న. ఒక ముసలి మేస్త్రి ఉండె. తప్పు బోల్టు ఏరితే మళ్లా ఎండలకు తోల్తుండె." నవ్వింది. "ఎండకు భయపడి ఒక్కటి గూడ తప్పు ఏరలే."

అక్షరాలు సరిగా రాకపోయినా అంకెలు ఆవిడకు కంఠతా ఉండేవి. పెద్ద పెద్ద ఇంజనీర్ల దగ్గర పనిచేశాను. చేతిలో ఉన్న వస్తువు మీద ఆవిడకున్నంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో కనబడ్డారు.

ఇరవై నాలుగు

చాలా ఏళ్లు గడిచాయి. ఖాజా సాబ్ రిటైరయ్యాడు. వనపర్తి దిక్కు కొన్నేళ్లు, నాగర్‌కర్నూలు దిక్కు కొన్నేళ్లు చేసి, నేను ఫోర్మన్‌గా పాత పంపుహౌసుకే తిరిగొచ్చాను. సుగుణమ్మ స్టోర్ కీపరైంది.

ఆ ఏడు యాసంగి పంటకు ముందు మూడు పెద్ద పంపుల కప్లింగులకు, అంటే మోటారు షాఫ్టును పంపు షాఫ్టుతో కలిపే చోట, కొత్త బోల్టులు వేశాం. ఒక్కోదానికి ఎనిమిది చొప్పున ఇరవై నాలుగు. ఎం ఇరవై, తల మీద 8.8. బిగింపు ఎంతైందో చూపించే టార్క్ పానా అప్పుడు మరమ్మతులో ఉంది. అది వచ్చేదాకా ఆగాల్సింది. నేను ఆగలేదు, చేతి అంచనాతో బిగించాం.

పంపులు నడుస్తున్నాయి. మానవపాడు దిక్కు మిర్చి కాపు మీదుంది, వేరుశనగ ఊడ దిగుతోంది. నీళ్లు ఒక్క పూట కూడా ఆపరాని అలాంటి రోజుల్లో మిగిలిన బోల్టుల్లో ఒకదాన్ని వేరే బ్రాకెట్‌కు వేస్తున్నాను. టార్క్ పానా అప్పటికి తిరిగొచ్చింది. లెక్క ప్రకారం బిగింపు సరిపోగానే టక్కుమనాలి. అనలేదు. తిప్పుతుంటే తిరుగుతూనే ఉంది. విప్పి చూస్తే బోల్టు నడుమ సన్నబడింది. లాగితే సాగిన బెల్లం పాకంలా ఉంది.

తీసుకెళ్లి సుగుణమ్మ ముందు పెట్టాను. ఆవిడ ఒక పాత మంచి బోల్టు మీద, దీని మీద ఆకురాయితో రుద్దింది. పాతది కష్టంగా అరిగింది. దీని మీద బరబరా పొడి రాలింది. తల తిప్పి చూసింది. 8.8 ఉంది. పక్కన ఎవరి గుర్తూ లేదు.

ఆవిడ ఆకురాయి పక్కన పెట్టింది.

"చూసిన కుర్మయ్యా" అంది. "తీసుకున్న దినమే చూసిన, గుర్తు లేదని. మనుమరాలికి జరం, ఇంటికి పోవాలని తొందర. డబ్బా మీద మంచిగ రాసుంది గదా అని సంతకం పెట్టిన."

"ఇంక ఎవరికీ తెల్వదక్కా. సీజన్ అయినంక మార్చుకుందాం" అన్నాను. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. ఆ మాట అన్నది నేనే, ఒకప్పుడు దవాఖానలో ఖాజా సాబ్ ముందు నిలబడినవాణ్ని.

ఆవిడ లేచింది. చెప్పులేసుకుని ఇంజనీరు గారి గదికి నడిచింది. నేను వెనక పోయాను.

ఆయన కొత్తగా వచ్చిన కుర్రవాడు, మంచివాడే. విని తల పట్టుకున్నాడు. "పంపులు బాగానే నడుస్తున్నాయి కదా సుగుణమ్మా. ఇప్పుడు ఆపితే రైతులు ఊరుకుంటారా? ఇంకో ఇరవై రోజులు ఓపిక పట్టండి."

"నడుస్తున్నయి సార్. నడుస్తలేవని నేనంటలేను. పంపులు నడిపే భీమన్న కుర్చీ రెండో పంపు కప్లింగుకు ఆరడుగుల దూరంల ఉంటది. దినమంత అండ్లనే కూసుంటడు. ఇరవై దినాలు ఆ కుర్చీల మీరు కూసుంటరా?"

ఆయన చెయ్యి ఫోను దాకా పోయి ఆగింది.

"నేనిచ్చిన బోల్టులు సార్. ఆపమంటున్నది నేను. ఎవరడిగినా నా పేరు చెప్పుండ్రి."

ఇంజనీరు గారు నా వైపు చూశారు. "నేను గూడ సార్. టార్క్ పానా లేకుండ బిగించింది నేనే" అన్నాను. ఆయన ఫోను తీసుకుని మూడు పంపులూ ఆపమన్నారు.

మంచి బోల్టులు హైదరాబాదు నుంచి బస్సు పార్సిల్లో రావాలి, మర్నాడు గానీ రావు. సాయంత్రానికి కాలువలో నీళ్లు తగ్గాయి. పొద్దున్నే ఇరవై, ముప్పై మంది రైతులు గేటు దగ్గరికి వచ్చారు. నేను పోబోతుంటే ఆవిడ ఆపి, తనే స్టూలు పట్టుకుని గేటు దాకా పోయింది.

"నీళ్లెందుకు బంజేసిండ్రు?" అని ఒక పెద్దాయన అరిచాడు. "పూత రాల్తే నువ్వు తెచ్చిస్తవా?"

"బంజేపిచ్చింది నేనే పెద్దయ్యా. ఖరాబు బోల్టులు తీసుకున్నది నేనే. నడిపిస్తే ఇరుగుతయి. ఇరిగితే పంపు పోతది, పక్కనున్న మనిషి పోతడు. ఇయ్యాల పొద్దుగూకేలోపు ఇడుస్తం."

"ఇడువకుంటే?"

"ఈడనే కూసుంట. తిట్టుండ్రి."

తిట్టారు. వినరాని మాటలు కూడా అన్నారు. ఆవిడ గేటు దగ్గర ఆ స్టూలు మీదే కూర్చుని విన్నది. మధ్యాహ్నం ఎండ పడుతుంటే లోపలికి రమ్మని నేనే పోయి పిలిచాను. రానంది. నీడ కోసం పని నేర్చుకున్న మనిషి ఆ పూటంతా ఎండలో కూర్చుంది.

పాత బోల్టులు విప్పినప్పుడు ఇరవై నాలుగింటిలో పదకొండు సాగి ఉన్నాయి. రెండో పంపుది ఒకదానికి పానా వేయగానే తల ఊడి నా చేతికి వచ్చింది. అది ఎప్పుడు విరిగిందో తెలియదు. భీమన్న దాన్ని చూసి, బయటికి పోయి, ఆవిడ పక్కన నేలమీద కూర్చున్నాడు.

కొత్తవి వచ్చాక ఒక్కొక్కదానికీ గుర్తు చూసి, ఆకురాయి పెట్టి, నట్టు ఎక్కించి చూసి ఇచ్చింది. టార్క్ పానాతో బిగించాం. ఆ రోజు పొద్దు వాలకముందే నీళ్లు వదిలాం. అరిచిన పెద్దాయన వెళ్లకుండా ఉండి, విరిగిన బోల్టు చూపించమన్నాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు. "గిది నీ నెత్తికి తగిలితే ఏముంటవ్‌రా" అన్నాడు భీమన్నతో. పోతూ పోతూ గేటు దగ్గర సుగుణమ్మ ముందు ఆగి, "పోతున్న చెల్లే" అని చెప్పి పోయాడు.

ఇప్పుడు చేరేవాళ్లకు

ఇప్పుడు ఫోనులో నొక్కితే బోల్టులు ఇంటికొస్తున్నాయి. డబ్బా మీద అన్నీ అందంగా రాసి ఉంటాయి. డబ్బాను కాదు, బోల్టును చదవండి. నాగర్‌కర్నూలు దిక్కు పనిచేసినప్పుడు ఒక కుర్ర ఫిట్టర్ కప్లింగుకు తళతళలాడే స్టెయిన్‌లెస్ బోల్టులు వేశాడు, మంచివని. అవి తుప్పుకు మంచివి, బలానికి మామూలుగా 8.8 కంటే తక్కువే. ఇంకొకరు అన్నిచోట్లా ఎక్కువ అంకె ఉన్నదే వేస్తారు. అదీ తప్పే. మిషను తయారుచేసినవాళ్లు ఏది వేయమన్నారో దానికి కారణం ఉంటుంది. కప్లింగులో రెండు ముక్కలూ అటూ ఇటూ లాగి బోల్టు ఒంటిమీద కోత పడే చోట మరలు ఉండకూడదు, నున్నటి భాగం ఉండాలి. అందుకే పొడుగు అంత ముఖ్యం. నట్టు దాటి రెండు మరలు బయటికి కనబడాలి. అచ్చంపేట హార్డ్‌వేర్ దుకాణంలో అడిగినా, గద్వాలలో అడిగినా, లావు, మరల దూరం, పొడుగు, తల మీది అంకె, ఈ నాలుగూ చెప్పి అడగండి. వాళ్లు "గిదే సరిపోతది" అంటే నమ్మకండి. చేత్తో ఎక్కించి చూడండి.

ఇదంతా రాయడం మొదలుపెట్టాక ఒక అనుమానం పట్టుకుంది. సుగుణమ్మ చేసిన పనుల్లో తొంభై తొమ్మిది పాళ్లు మెచ్చుకోవలసినవే. ఆ ఒక్క డబ్బా సంగతి రాయాలా? పోయిన నెల అమరచింతకు పోయాను. వాకిట్లో వేరుశనక్కాయలు ఎండబోసి, వాటి పక్కన కూర్చుని ఉంది. చూపు తగ్గింది.

"ఏం రాస్తున్నవ్?" అని అడిగింది.

"కొత్తగ పనికి వచ్చెటోళ్లకు అక్కా. ఖాజా సాబ్ సంగతి, నా ఐబోల్టు సంగతి, నీ సంగతి."

"నా సంగతేముంది?"

కాసేపు నసిగి చెప్పాను. "ఆ కప్లింగు బోల్టులది. వద్దంటే రాయ."

చేతిలోని కాయ ఒలిచి గింజలు నాకిచ్చింది. "ఎందుకు రాయవ్? గుర్తు లేదని చూసి గూడ తీసుకున్నదని రాయి. జరమొచ్చిన పిల్లను గిట్ల అడ్డం పెట్టకు, అది నా సాకు. పేరు రాయకుంటే ఎవరో తెల్వనోళ్లు చేసిండ్రనుకుంటరు. పేరు రాయి."

ఆవిడ మాట దాటడం నాకు చేతకాదు. సాకు మాత్రం పైన రాసేశాను, తీసేయ బుద్ధి కాలేదు. పేరు సుగుణమ్మ, ఊరు అమరచింత.